మూడో పిడికెడు

“ఆదెమ్మగారేనా? ఇప్పుడు నటిస్తూ గారు మధ్యాహ్నం మిమ్మల్ని చూస్తారంట. తప్పకుండా రండి.”

ఫోనులో ఆసుపత్రి పిల్ల చెప్పింది ఆదెమ్మకు అక్షరాలా ఇలాగే వినిపించింది. తలకూ చెవులకూ ముక్కుకూ కలిపి చుట్టుకున్న తువ్వాలు, దానిమీద వేలు మందాన మిరప దుమ్ము, షెడ్డు నిండా ఆడవాళ్ల తుమ్ములు. ఇన్ని దాటుకుని చెవిలోకి చేరేసరికి ఏ మాటైనా సగం అరిగిపోతుంది. అరిగిన ఈ మాట మాత్రం వెళ్లి వెళ్లి పుండు మీదే పడింది.

“ఎవత్తివే నువ్వు? నేను నటిస్తున్నానా? నీ చెయ్యి ఇట్లా బిగుసుకుపోతే తెలిసిద్దే నీకు నటన! మీ ఆసుపత్రికి తాళం పడ!” అని అరిచి, ఎడమచేతి బొటనవేలితో ఫోను నోరు నొక్కేసింది.

షెడ్డులో తుమ్ములు కూడా ఒక్క క్షణం ఆగాయి.

ఆ నిశ్శబ్దంలోకి మార్తమ్మ గొంతు తీరిగ్గా నడిచొచ్చింది. “కరీమూ, విన్నావా? ఆసుపత్రోళ్లకి కూడా తెలిసిపోయింది. ఏడాది నుంచి నేను మొత్తుకుంటంటే నమ్మారా మీరు?”

మార్తమ్మ ఆదెమ్మకు తోటికోడలు, పెద్దది. ఇద్దరికీ మాటల్లేవు. అంటే మాటలు లేవని కాదు. మాటలు బోలెడున్నాయి, ఒకరితో ఒకరు అనుకోవడమే లేదు. అందుకని షెడ్డులో ఇద్దరికీ మధ్య కరీమున్‌ను కూర్చోబెట్టుకున్నారు. ఇటు వదిలిన మాట ఆమెకు తగిలి అటు పోతుంది, అటు వదిలింది తగిలి ఇటు వస్తుంది. పాపం, ఆ మనిషి పనిలోకి వచ్చింది తొడిమలు తీయడానికి. చేస్తున్నది గోడ ఉద్యోగం.

“కరీమూ,” అంది ఆదెమ్మ, “జబ్బు చేతికి రాబట్టి నా ఖర్మ. కొంతమందికి నోటికి వచ్చుంటే ఊరు బాగుపడేదని చెప్పు.”

“నేనేమన్నా టెలిఫోను తీగనా మీ ఇద్దరికీ?” అని కరీమున్ విసుక్కుంది. ఆమె చెవులకు గుడ్డ లేదు. స్పీకరులో వచ్చిన మాట ఆమెకు శుభ్రంగా వినపడింది. “అది నటిస్తూ కాదక్కా, హి… హి…” అని సర్దిచెప్పబోయింది. ఆ పైన ముక్కులోకి దుమ్ము దూరి, చెప్పాల్సిన మాట ఓ పెద్ద తుమ్మైపోయింది. ఆ తరవాత ఆమె మాట వినే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆదెమ్మ మళ్లీ తట్ట మీదికి వంగింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఎండకి, మిరపకీ వేగి వేగి ఒంటి రంగు తేజ రకం మిరపకాయ అడుగున ఉండే నలుపెరుపులో తేలింది. ఒళ్లో కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. బొటనవేలు లోపల, నాలుగు వేళ్లూ దానిమీద, అప్పుడే పుట్టిన బిడ్డ గుప్పిటలాగా. కాకపోతే బిడ్డ గుప్పిట చూస్తే ముద్దొస్తుంది, దీన్ని చూస్తే ముద్దేం రాదు. ఆ పిడికిలితో మిరపకాయను తట్ట అంచుకు అదిమిపెట్టి, ఎడమచేత్తో తొడిమ గిల్లి, కాయ ఇటు, తొడిమ అటు విసురుతోంది. పక్కవాళ్లు తట్ట ముగించేసరికి ఆమెది సగం కూడా కాదు.

చెయ్యి మూసుకుని ఏడాదవుతోంది. ఎముకల డాక్టరు ఫొటో తీసి ఎముకకేం కాలేదని చేతులెత్తేశాడు. నరాల డాక్టరు నరాలు భేషుగ్గా ఉన్నాయని చేతులు కడిగేసుకున్నాడు. తాయెత్తు కడతానన్నవాడు తీరా సమయానికి చెయ్యిచ్చాడు. ఇంతమంది చేతుల్లో పడ్డా ఆ చెయ్యి మాత్రం చెయ్యి కాలేదు. చివరికి నరాల డాక్టరే, “మనసు డాక్టరొకాయన వారానికోసారి వస్తాడు, చూపించుకో” అని చీటీ రాశాడు. మనసు మాట వినగానే ఊరికి అనుమానం తీరిపోయింది. ఎముక్కి లేదు, నరానికి లేదు అంటే ఇంకేముంది, నాటకం.

మేస్త్రీ వీరబాబు తట్టలు చూసుకుంటూ వచ్చి ఆమె ముందు ఆగాడు.

“ఆదెమ్మా, ఇక నా వల్ల కాదు. రేపు రెండు చేతుల్తో వస్తే రా. ఒంటిచేత్తో అయితే రావొద్దు. ఓనరు నన్ను పీక్కుతింటన్నాడు.”

“నీకు రెండు చేతులున్నాయిగా, నువ్వేం పీకావు?”

“ఇదిగో, మనుషుల్ని పీకుతున్నా.”

షెడ్డంతా నవ్వింది. పిడికిలిని పుస్తకాల్లో ముష్టి అంటారు. అది తెరుచుకోకపోతే రేపట్నుంచి ఆదెమ్మ గతి కూడా అదే. మొగుడు ఏసుబాబు పోయాడు, పిల్లల్లేరు. ఈ తట్ట ఒక్కటే ఆమెకు దిక్కు. అది తెలిసే నవ్వారు. మిరప షెడ్డులో జాలి కూడా ఎండబెట్టే అమ్ముతారు.

పొద్దెక్కేకొద్దీ రేకులు కాగాయి. మార్తమ్మ చెయ్యి ఆపి, తువ్వాలు వదులు చేసుకుంది. పొడుగాటి మనిషి, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. ఏళ్ల తరబడి మిరపకాయ పట్టి పట్టి కుడిచేతి వేళ్ల కొసలు ఎర్రబారి, ఎంత తోమినా ఆ ఎరుపు పోదు.

“కరీమూ, గుండెల్లో మంటగా ఉందే.”

ఆదెమ్మ ఇలాంటి సందు వదిలే మనిషి కాదు. “మిరప షెడ్డులో మంట కాకపోతే మంచు కురుసుద్దా, అడుగు కరీమూ!”

ఈసారి షెడ్డు ఇంకా గట్టిగా నవ్వింది. నిజమే మరి. అక్కడ కళ్లు మంట, ముక్కు మంట, వేళ్లు మంట, ఒకరంటే ఒకరికి ఒళ్లు మంట. ఇన్ని మంటల మధ్య గుండె మంటను వేరే పిలిచి కూర్చోబెట్టేదెవరు? మార్తమ్మ కూడా నవ్వులో ఓ ముక్క నవ్వి, అన్నం గిన్నె తీసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఓడిపోయి వెళ్లడం ఆమెకు అలవాటు లేదు.

“కరీమూ, ఆ డాక్టర్ని ఒక మాట అడగమను. నిద్దట్లో చిటికెనవేలు ఆడిద్ది, మెలకువొచ్చాక బిగుసుకుపోద్ది. దాన్ని జబ్బంటారా, నాటకమంటారా?”

అనేసి వెళ్లిపోయింది.

ఆదెమ్మ చేతిలో తొడిమ చేతిలోనే ఉండిపోయింది. నిద్దట్లో తన వేలు ఆడుతుందా? ఆడినా దీనికెట్లా తెలుసు? అన్నదమ్ముల ఇల్లు, వసారా ఒక్కటే, నిజమే. కానీ ఏసుబాబును పూడ్చిన రోజు గొడవయ్యాక మార్తమ్మ తన పాత నేతచీర తీసి ఆ వసారాకి అడ్డంగా కట్టేసింది. “దాని మొహం నా కంటపడకూడదు” అని పేటంతా వినేలా చెప్పి మరీ కట్టింది. అప్పట్నుంచి ఇంట్లో తిట్లన్నీ ఆ చీరకే. ఇటు నుంచి ఈమె తిడుతుంది, అటు నుంచి ఆమె తిడుతుంది, మధ్యలో చీర నోరెత్తదు. కరీమున్ కంటే దానికే ఓపిక ఎక్కువ.

‘అబద్ధం. నన్ను ఏడిపించడానికి అంది’ అనుకుంది ఆదెమ్మ. అనుకుని, ఎవరూ చూడకుండా చిటికెనవేలి వంక ఓసారి చూసుకుంది. రేపటి తట్ట మాట గుర్తొచ్చి, తువ్వాలు విప్పి దులిపి, ఆసుపత్రికి బయల్దేరింది.

ఆసుపత్రిలో ఆ గది మెట్ల కింద ఉంది. చీపుర్లు పెట్టుకునే కొట్టును ఖాళీ చేసి ఇచ్చారు కాబోలు, ఫినాయిలు వాసన ఇంకా ఖాళీ చెయ్యలేదు. గుమ్మం దగ్గర ఫోను పిల్ల ఆదెమ్మ గొంతు గుర్తుపట్టి మొహం ముడుచుకుంది.

“నటిస్తూ అనలేదమ్మా నేను. హిప్నటిస్టు. హిప్నటిస్టు గారు.”

“ఏదో ఒకటిలే. రెండింట్లోనూ నటన ఉందిగా,” అంది ఆదెమ్మ, ఓడిపోకుండా లోపలికి నడుస్తూ.

డాక్టరు ప్రసన్నకుమార్‌కు పొట్టి చేతుల చొక్కా, సగం పోయిన జుట్టు, పేరుకు తగ్గ ప్రసన్నమైన మొహం. ఆదెమ్మకు ఆ ప్రసన్నతే మండింది. నవ్వేవాళ్లను చూసి చూసి వచ్చిన మనిషి.

“నన్ను నిద్రపుచ్చుతావంటగా? మా పేటలో ఒకడు కోడిని నిద్రపుచ్చేవాడు. తల నేలకి ఆనించి, ముక్కు ముందు సుద్దతో గీత గీస్తే చాలు, కట్టెలాగా పడుండేది. ఆ తరవాత కోసుకు తినేవాళ్లు.”

“అతని చదువూ నా చదువూ ఒకటేనమ్మా,” అన్నాడు డాక్టరు. “కాకపోతే కోడిని అతను అడగలేదు. నేను అడుగుతాను. ఇక్కడ నిద్రేం ఉండదు, మీకు అన్నీ వినపడుతూనే ఉంటాయి. మీకు ఇష్టం లేనిది మీ ఒళ్లు చెయ్యదు.”

“నాకు ఇష్టం లేదు.”

“మంచిది. ఇష్టం లేకుండానే కూర్చోండి.”

గుంటూరు గాలి పీల్చిన మనిషికి కారాలకు కొదవా? ఆదెమ్మ దగ్గర అహంకారం ఉంది, ధిక్కారం ఉంది, తిరస్కారం ఉంది, ఎదుటివాళ్లు నోరు తెరిస్తే చీత్కారం ఉంది. లేనిదల్లా సహకారం. ఈ డాక్టరు చూస్తే అది అడగడం లేదు. ఆమె కుర్చీ అంచున, లేచిపోవడానికి వీలుగా కూర్చుంది. “ఇదిగో, లాగు మరి. అందరూ లాగారు, నువ్వూ లాగు” అని పిడికిలి బల్లమీద పెట్టింది.

“లాగను. తెరవొద్దు కూడా. అట్లాగే ఉంచండి.”

ఏడాదిలో ఆ పిడికిలిని తెరవొద్దన్నవాడు అతనొక్కడే. 

“నాకొకటి తెలుసుకోవాలని ఉంది,” అన్నాడతను, బల్ల దగ్గరికి జరిగి, ఆ పిడికిలి మొదటిసారి ఊళ్లోకొచ్చిన చుట్టమైనట్టు చూస్తూ. “లోపల ఎట్లా ఉందమ్మా? వెచ్చగా ఉందా, చల్లగా ఉందా?”

ఆదెమ్మ పక్కింటి కూరలో ఉప్పెంత పడిందో ఆరా తీసే పేటలో పుట్టి పెరిగింది. ఎవరి కోడలు ఎన్నింటికి లేచింది, ఎవరి ఆటో ఎవరి గుమ్మం ముందు ఆగింది, అన్నీ తెలుసు. సొంత చేతిలో చలో వేడో మాత్రం ఎవరూ అడగలేదు, ఆమే అడుక్కోలేదు.

“ఏమో.”

“నాకూ తెలియదు. ఇద్దరికీ తెలియనిది కాబట్టి చూద్దాం. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకోండి. ఊరికే చూడండి. ఏది బరువుగా ఉంది? కళ్లు వాటంతటవి వాలాలనుకుంటే వాలనివ్వండి. లేదంటే లేదు.”

ముందు అతని వంకే గుడ్లురిమి చూసింది. తరవాత చేతుల వంక చూసింది. ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. ఎడమచెయ్యి తేలిగ్గా ఉంది, గాలికి లేచిపోయేట్టుంది. కుడిది బరువు. వెచ్చగా ఉంది. వెచ్చదనం లోపల ఏదో గరగర. వేళ్ల సందుల్లో, రవ్వలాగా. ఇన్నాళ్లూ ఇది ఇక్కడే ఉందా? దానికోసమే కళ్లు వాలాయి, అతను వాల్చమన్నందుకు కాదు.

“లోపల ఏదో ఉన్నట్టుందా?” అన్నాడు అతను, మెల్లగా.

“ఉంది. మా ఆయనున్నాడు. తీసి చూపించనా?”

ఎగతాళిగా అనబోయింది. చెంపమీద కొట్టినట్టు అనాలనుకుంది. తీరా బయటికొచ్చేసరికి ఆ మాటకు చెయ్యే లేదు. “మట్టి ఉంది,” అంది మళ్లీ, తన గొంతు తనకే కొత్తగా వినపడుతుండగా. “మా ఆయన మీద వెయ్యాల్సిన మట్టి.”

ఏసుబాబు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ. మధ్యాహ్నం అన్నం తిని బస్తాల నీడన నడుం వాల్చాడు. లారీ వచ్చి హారన్ కొట్టినా లేవలేదు. జీవితంలో లారీ హారనుకు లేవకపోవడం అతనికి అదే మొదలు.

సమాధుల దొడ్డిలో పాస్టరు గారు ఆరాధన చదివారు. మట్టికి మట్టి అన్నప్పుడు ఒక పిడికెడు, బూడిదకు బూడిద అన్నప్పుడు ఒక పిడికెడు, దుమ్ముకు దుమ్ము అన్నప్పుడు మూడో పిడికెడు. ఇంటివాళ్లు వేశాకే పారలు ఆడాలి. ఆదెమ్మ రెండు వేసింది. మూడోది పట్టుకుని నిలబడిపోయింది. ఎందుకు నిలబడిందో ఆమెకూ తెలియదు. ఇంకాస్త సేపు, అంతే. వెనకనుంచి మార్తమ్మ, “చాల్లే ఆదెమ్మా, వేసెయ్యి, ఎండకి జనం పడిపోతన్నారు, పోయినోడు ఎట్లాగూ పోయాడు” అంటూ భుజం పట్టి పక్కకి లాగింది. పారలు పడ్డాయి. గుంట పూడిపోయింది. ఆదెమ్మ మూసిన పిడికిలితోనే ఇంటికొచ్చి, వసారాలో నిలబడి మార్తమ్మను ఏడు తరాల పైకి తిట్టింది. కుళాయి కింద పెట్టి కడిగితే వేళ్ల సందుల్లోంచి మట్టి పోయింది. పిడికిలి పోలేదు.

ఇదంతా ఆమె ఆ గదిలో చెప్పింది. మధ్యమధ్య మార్తమ్మను తిట్టడానికి ఆగుతూ చెప్పింది. డాక్టరు ఆ తిట్లు కూడా శ్రద్ధగా విన్నాడు.

“తొందరపెడితే ఎవరికైనా చెయ్యి ఆగిపోతుంది,” అన్నాడు. “ఇక్కడ తొందరపెట్టేవాళ్లు లేరు. ఆ చెయ్యి ఒక పని మధ్యలో ఉంది. దాన్ని ఎప్పుడు పూర్తిచేస్తుందో, ఎక్కడ చేస్తుందో, ఏ వేలు ముందు కదులుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఏం చేస్తుందో చూద్దాం.”

అప్పుడు కదిలింది చిటికెనవేలు. పత్తికాయలో పురుగు మెదిలినట్టు, లోపల్నుంచి, ఒక్క వణుకు. ఆదెమ్మ కళ్లు తెరిచి చటుక్కున ఎడమచెయ్యి దానిమీద కప్పేసింది. ‘చూశాడంటే గెలిచాననుకుంటాడు!’

డాక్టరు ఫ్యాను వంక చూస్తున్నాడు. మరీ శ్రద్ధగా చూస్తున్నాడు.

“వచ్చే వారం వస్తారా?”

“రాను.”

“సరే. రాకపోతే ఏం జరుగుతుందో అది కూడా చూద్దాం.”

“ఏం మనిషివయ్యా నువ్వు! తిడితే తీసుకోవు,” అని లేచింది ఆదెమ్మ. గుమ్మం దాటాక గాని గుర్తురాలేదు, నమస్కారం పెట్టలేదని. పెట్టాలంటే రెండు చేతులు కావాలి గదా అని సరిపెట్టుకుంది.

ఆటోలో అయిదుగురి మధ్య ఇరుక్కుని, చెయ్యి కొంగు కింద పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. మళ్లీ కదిలింది. ఉంగరంవేలు కూడా దాన్ని చూసి కొంచెం బద్ధకం వదిలింది. రోడ్డుకు అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. వాటివంక ఒక్కసారి చూడలేదు. ‘నిద్దట్లో ఆడిద్దంట. ఆ ముండకి ఎట్లా తెలుసు? తెలిస్తే మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? చెప్పిందిగా ఇవాళ. తిట్టి చెప్పింది.’

ఇంటికెళ్లి చీరకు ఏం చెప్పాలో దారంతా నూరుకుంది. ‘ఓ చీరా, నాటకమన్నావుగా. ఇదిగో మెలకువలోనే ఆడింది. ఇప్పుడేమంటావే చీరా? నోరు పడిపోయిందా?’ చివరి మాట బాగా కుదిరిందనిపించి ఇంకోసారి అనుకుంది.

ఆటో దిగేసరికి గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఎవరూ కూర్చోలేదు. కుర్చీల వెనక షెడ్డు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, పనిగుడ్డలతోనే, తలకు చుట్టిన తువ్వాళ్లు మెళ్లోకి జారి. పొద్దున నవ్విన నోళ్లన్నీ అక్కడే ఉన్నాయి, మూసుకుని.

కరీమున్ ఎదురొచ్చింది. ఎవరూ పంపకుండానే ఆమె మోసుకొచ్చిన మాట అది.

“మార్తమ్మక్క పోయిందక్కా. షెడ్డునించి వచ్చి మంచం మీద పడుకుందంట. మంట మంట అంటానే ఉందంట. మంచినీళ్లు తెచ్చేలోపు…”

ఆదెమ్మ నూరుకుని తెచ్చిన కారమంతా నోట్లోనే ఉండిపోయింది. మార్తమ్మను వాకిట్లో నవారు మంచం మీద పడుకోబెట్టారు. ఎర్రబారిన వేళ్ల కుడిచేతినీ ఎడమచేతినీ కలిపి గుడ్డతో కట్టారు. మిరప షెడ్డులో మంచు కురుస్తుందా అని అడిగిన మనిషి ఆ వేళ్ల పక్కన కూర్చుంది. వేళ్లు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి.

మార్తమ్మ కొడుకు బెన్నీ పిడుగురాళ్ల సున్నం బట్టీ నుంచి, జుట్టు మీద సున్నంతోనే బండి వేసుకుని వచ్చాడు. ఎండలు మండుతున్నాయి, ఐసుపెట్టె దొరకలేదు. పొద్దు వాలకముందే ఎత్తేద్దామన్నారు.

సమాధుల దొడ్డి అదే. గుంట తవ్వింది ఏసుబాబు సమాధికి నాలుగు బారల దూరంలో. పాస్టరు గారు పుస్తకం తెరిచారు. బెన్నీ వేశాక ఆదెమ్మ వంతు వచ్చింది. ఆమె మట్టి కుప్ప దగ్గర వంగింది. ఎడమచెయ్యి చాపబోయింది. కుడిది ముందుకొచ్చింది. చిటికెనవేలు విడింది, దాని వెనక ఉంగరంవేలు, తొడిమ ఊడినట్టు ఒక్కొక్కటి. నాలుగు వేళ్లూ పార వంకరలో వంగి మట్టిలోకి దిగాయి. 

మట్టికి మట్టి. పడింది.

బూడిదకు బూడిద. పడింది.

దుమ్ముకు దుమ్ము అన్నారు పాస్టరు గారు. మూడో పిడికెడు ఆదెమ్మ చేతిలో ఉంది. చెయ్యి గుంట మీద ఉంది. పిడికిలి మళ్లీ బిగిసింది.

బెన్నీ పార పట్టుకుని నిలబడ్డాడు. పాస్టరు గారు ఓసారి దగ్గారు. నిరుడు ఈ పాటికి వెనకనుంచి ఒక గొంతు వచ్చింది, చాల్లే ఆదెమ్మా అని. ఆ గొంతు కిందుంది. ఆదెమ్మకు తెలుసు, ఇది ఎవరిదో. ఇది ఏసుబాబుది. నాలుగు బారలు నడిచి అక్కడ వెయ్యాలని గట్టిగా అనుకుంది. ‘నీకు రెండే మార్తా. మూడోది నువ్వు నన్ను వెయ్యనిచ్చావా, నేను నీకు వెయ్యడానికి?’

“ఎవరూ తొందరపెట్టబాకండి,” అంది పైకి.

ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె తన చేతి వంక చూసింది, కోపంగా కాదు, ఆ డాక్టరు చూసినట్టు, చుట్టాన్ని చూసినట్టు. లోపల వెచ్చగా ఉంది. గరగరలాడుతోంది. ఎటు పోతుంది ఇది? నిజంగానే తెలియలేదు. ఏం చేస్తుందో చూద్దామని చూస్తూ నిలబడింది.

వేళ్లు విడ్డాయి. బొటనవేలితో సహా అన్నీ విడ్డాయి. మట్టి మార్తమ్మ మీద పడింది.

“అటా!” అంది ఆదెమ్మ, పైకే, నిర్ఘాంతపోయి. తెల్లగా పాలిపోయి, ఏడాదిగా వెలుతురు చూడని అరచెయ్యి గాలిలో అట్లాగే తెరుచుకుని ఉంది. “ఛీ, దీనికి సిగ్గు లేదు,” అని దాన్ని తిట్టింది. తిడుతుంటేనే ఏడుపొచ్చింది. నిరుడు మొగుడు పోయినప్పుడు రాని ఏడుపు కూడా దానితో కలిసి వచ్చింది.

చెయ్యి తెరుచుకున్నాక మట్టికేం కరువు? ఇంకో పిడికెడు తీసుకుని, నాలుగు బారలు నడిచి, ఏసుబాబు సమాధి మీద వేసి వచ్చింది. బెన్నీ అప్పటిదాకా పార ఎత్తకుండా నిలబడ్డాడు.

గుంట పూడి, జనం గేటు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టాడు మేస్త్రీ వీరబాబు. “చూశారా? తెరుచుకుంది! తట్ట పోద్దని చెప్పేసరికి తెరుచుకుంది. పాపం మార్తమ్మ చెప్తానే ఉంది నటనని. పొద్దున ఆసుపత్రోళ్లే ఫోను చేసి చెప్పారంటగా నటిస్తందని!” తలకాయలు కొన్ని ఊగాయి. ఒకామె “హవ్వ, ఏడాదంతానా!” అంది.

కరీమున్ అందరికీ అడ్డం వచ్చి నిలబడింది. ఈసారి దుమ్ము లేదు, తుమ్ము లేదు.

“నేను విన్నా ఆ ఫోను. నటిస్తూ అనలేదు వాళ్లు. హిప్నటిస్టు అన్నారు. హిప్నటిస్టు! ఆ మనసు డాక్టర్ని అట్లా అంటారు. చెయ్యి చెప్పినట్టు మనిషి వినేదాకా పక్కన కూర్చునే డాక్టరు. ఈమె చెవులకి గుడ్డ కట్టుకుని నటిస్తూ అని విని అరిచింది. మీరు ఆ అరుపు పట్టుకుని ఊరంతా మోశారు. మాట అది కాదు. నాటకమైతే రేపటి తట్ట కోసం పొద్దున్నే తెరిచేది, మిమ్మల్ని నవ్వనిచ్చేది కాదు. అర్థమైందా అందరికీ?”

అర్థమైన వాళ్లు తల దించుకున్నారు, అర్థం కాని వాళ్లు వాళ్లను చూసి దించుకున్నారు. ఇద్దరి మధ్యా గోడగా నిలబడిన మనిషికి ఆ ఉద్యోగంలో అదే ఆఖరి పని.

“సరే, రేపు రా మరి, రెండు చేతుల్తో,” అన్నాడు వీరబాబు, వెనక్కి తగ్గి.

“వస్తా,” అంది ఆదెమ్మ. “ఒక చెయ్యి తట్టకి, ఒక చెయ్యి నీ చెంపకి.”

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, బెన్నీకి అన్నం పెట్టాలని ఏడాది తరవాత మొదటిసారి మార్తమ్మ వైపు వసారాలోకి వెళ్లింది. పొయ్యి పక్కన మార్తమ్మ పీట అడ్డంగా కట్టిన చీరకి ఆనించి ఉంది. దానిమీద కూర్చుని చూస్తే చీరలోంచి తన మంచం, మంచం మీద తాను కుడిచెయ్యి వేసుకుని పడుకునే చోటు తిన్నగా కనపడ్డాయి. ఆదెమ్మ కుడిచెయ్యి చాపి చీరను ముట్టుకుంది. కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఒక చిల్లు, ఒక్క కన్ను పట్టేంత. దాని చుట్టూ వేలు పెట్టి పెట్టి నలిగిన అంచు, మిరప ఎరుపు.